ఆకు మచ్చకు మందు కొనేముందు

అక్టోబరు వచ్చిందంటే విశాఖ ఉక్కునగరం క్వార్టర్ల వరండాల్లో కుండీ మొక్కలకు గడ్డుకాలం. నైరుతి వానలు పూర్తిగా వెనక్కి తగ్గకముందే ఈశాన్యం అందుకుంటుంది, మధ్యలో బంగాళాఖాతంలో ఓ వాయుగుండం. ఆకు ఆరే వ్యవధే ఉండదు. మచ్చ కనబడగానే గాజువాక వెళ్లి ఏదో ఒక మందు పొట్లం తెచ్చి కొట్టేవాళ్లే ఎక్కువ. కారణం తేలకుండా కొట్టిన మందు దండగ.

ముందు తడిగుడ్డతో ఆకు తుడవండి. కర్మాగారం, ఓడరేవు ఉన్న ఊరు కాబట్టి నల్లటి ధూళి పడటం మామూలే. తుడిస్తే పోయిందా, అది తెగులు కాదు. అయినా ధూళి పొర ఆకుకు అందే వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి మనీప్లాంటు, డ్రసీనా, రబ్బరు మొక్కల వంటి వెడల్పాకు మొక్కలను అప్పుడప్పుడూ తుడుస్తూనే ఉండాలి. తుడిచేటప్పుడు చేతికి జిగురు అంటి, మసిలాంటి పొర లేచి వస్తే ఆకుల అడుగున, చివుళ్లలో పిండినల్లిని, పేనుబంకను వెతకండి. అవి విసర్జించే తీపి జిగురు మీదే ఆ మసి బూజు పెరుగుతుంది. మందారానికి ఈ బెడద మరీ ఎక్కువ. వైద్యం బూజుకు కాదు, పురుగుకు చేయాలి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది కలిసేందుకు కొంచెం సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగుభాగం తడిసేలా సాయంత్రం పూట పిచికారీ చేయండి.

మచ్చ తుడిస్తే పోలేదనుకోండి. దాని అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి నాలుగైదు రోజులు ఆగండి. గీత దాటకపోతే అది చాలావరకు పాత గాయమే. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలోకి మారిస్తే ఆకు తెల్లబారి కాగితంలా ఎండుతుంది. తుపాను గాలి మోసుకొచ్చే ఉప్పునీటి తుంపర అయితే గాలి తగిలిన వైపు ఆకుల అంచులనే మాడుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. చెట్లు ఎన్ని పోయాయో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. తుపాను వెలిశాక కుండీలను మంచినీటితో బాగా కడిగితే చాలు, మందులేవీ వద్దు.

గీత దాటి పెరుగుతుంటే అది తెగులే. గుండ్రంగా, వలయాలు వలయాలుగా ఉండి, మధ్యలో భూతద్దానికి నల్లటి చుక్కలు కనబడితే శిలీంధ్రం. ఈనెల మధ్య మూలలు తేలి, నీళ్లు ఇంకినట్టుగా ఉండి, చుట్టూ పసుపు అంచు ఉంటే బాక్టీరియాను అనుమానించాలి. డిఫెన్‌బేకియా, ఆంథూరియం, తమలపాకు తీగల్లో ఇది వస్తుంది. అనుమానం తీరాలంటే మచ్చ అంచును బ్లేడుతో కోసి గాజు గ్లాసులోని నీళ్లలో వెలుతురుకెదురుగా పట్టుకోండి. కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నని ధార దిగితే బాక్టీరియానే.

ఇక అసలు సంగతి. గులాబీకి నల్లమచ్చ తెగులు పట్టాలంటే ఆకు సుమారు ఏడు గంటలపాటు తడిగా ఉండాలి. అప్పుడే బీజాలు మొలిచి ఆకులోకి దిగుతాయి. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, పైపు పట్టుకుని మొక్కంతా తడిపే అలవాటు ఆ ఏడు గంటలనూ మనమే చేతులారా ఇవ్వడం. నీళ్లు ఉదయమే, మొక్క మొదట్లోనే పోయండి. కుండీకి కుండీకి జానెడు ఎడం ఇవ్వండి. అడుగున నీళ్ల పళ్లెం నిండుగా వదిలేయవద్దు. సగం మచ్చలు దీనితోనే ఆగిపోతాయని నా నమ్మకం. మచ్చపడ్డ ఆకులు తుంచి, రాలినవి ఏరి, సంచిలో కట్టి పారేయండి. కంపోస్టు గుంతలో వేస్తే తెగులును దాచుకున్నట్టే. కత్తెరను ఒక్కో మొక్కకూ స్పిరిట్‌తో తుడవండి.

అప్పటికీ ఆగకపోతేనే మందు. శిలీంధ్రానికి లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్, పది రోజులకు మరోసారి. బాక్టీరియాకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్. అది కొత్త మచ్చలను ఆపుతుందే కానీ పాతవాటిని మాన్పదు, కాబట్టి బాగా పాకిన మొక్కను తీసేయడమే మేలు. రాగి మందు పుట్టుకలో ఓ తమాషా ఉంది. ఫ్రాన్సులో ద్రాక్ష దొంగల్ని బెదరగొట్టడానికి దారి పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం చల్లేవారట; ఆ తీగలకే తెగులు తక్కువగా ఉండటం మిల్లార్డే అనే శాస్త్రవేత్త గమనించి 1885లో బోర్డో మిశ్రమాన్ని ప్రకటించాడు.

మందును వంటింటి చెంచాతో కొలవకండి, గ్రాముల తూకం వాడండి. పొట్లం మీద త్రికోణం ఎరుపో పసుపో అయితే ఆ మందు ఇంటికి తేవద్దు. తులసి, కరివేపాకు, తమలపాకు నేరుగా నోట్లోకి వెళ్లేవి. వాటికి ఈ రసాయనాలు అసలు వద్దు. ఆకులు తుంచి, కొమ్మలు కత్తిరించి, కొత్త చిగురు వచ్చేదాకా ఓపిక పట్టాలి.

కడియం నర్సరీల నుంచి తెచ్చిన కొత్త మొక్కను రెండు వారాలు విడిగా ఉంచి, ఆకుల అడుగు చూశాకే పాత కుండీల వరసలో చేర్చండి. అప్పటికీ తెగులు అంతుబట్టకపోతే మచ్చపడ్డ ఆకులు నాలుగు, బాగున్నవి రెండు కాగితంలో చుట్టి అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపించండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే దారిలోనే కుళ్లిపోతాయి.