పాత స్కూటర్లు, మోపెడ్లు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా ఇంట్లో నడుములోతు నీళ్లొచ్చాయి. మెట్ల కింద ఉన్న నాన్నగారి ఆల్విన్ పుష్పక్ స్కూటరు రోజుల తరబడి మునిగే ఉంది. తర్వాత కడిగి, గోనెసంచి కప్పి పెట్టాం. ఇప్పుడు కిక్ కదలడం లేదు. మా వీధి మెకానిక్ పాత ఇనుము కింద అమ్మేయమంటున్నాడు. ఆయన మాట వినమంటారా?
- ఒక పాఠకుడు, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వినొద్దు. మీ దగ్గరున్నది మన ఉమ్మడి రాష్ట్రంలో పేరు మోసిన బండి. ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీయే ఈ పుష్పక్‌ని కూడా తెచ్చింది. ఇటలీలో ఇన్నొసెంటి కంపెనీ లాంబ్రెట్టా తయారీ ఆపేశాక, ఆ యంత్రాలను లక్నోలోని స్కూటర్స్ ఇండియా కొనుక్కుని విజయ్ సూపర్ చేసింది. పుష్పక్ ఆ కుటుంబంలోదే. అంటే మీ బండి పుట్టింటి పేరు లాంబ్రెట్టా. మీ మెకానిక్ చేతులెత్తేయడానికి కారణం కూడా బహుశా ఇదే. బజాజ్ బండికి ఇంజను కుడి పక్కన ఉంటుంది, రేకే చాసిస్. మీ బండికి గొట్టం చాసిస్, ఇంజను నడిమధ్యన, లోపల గొలుసు. బజాజ్ సామాను దీనికి ఒక్కటీ పట్టదు. విజయ్ సూపర్, లాంబ్రెట్టా సామాను పడుతుంది. ఆటోనగర్‌లో పాత విక్రమ్ ఆటోల ఇంజన్లు విప్పిన పెద్దవయసు మెకానిక్‌ని వెతకండి. ఆయనకి ఇది తెలిసిన పనే.

ఇక ఇంజను సంగతి. ముందుగా, కిక్ మీద ఎవర్నీ ఎక్కి తొక్కనివ్వకండి. రింగు విరిగితే బోరు గీసుకుపోతుంది. ప్లగ్గు తీసి, డీజిలు, టూస్ట్రోక్ ఆయిలు సగంసగం కలిపి ఆ రంధ్రంలో పోసి నాలుగైదు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో పెట్టి, బండిని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊపండి. కదిలిందని సంబరపడి స్టార్ట్ చేయొద్దు. నేనొకసారి వరదలో మునిగిన బండి మాగ్నెట్ విప్పించాను. పైన కడిగి తళతళలాడుతోంది. లోపల మాత్రం ఒండ్రుమట్టి ఎండిపోయి, కాయిల్ చుట్టూ మట్టిపిడత అచ్చులా పట్టేసింది. పాయింట్లు కనపడనే లేదు. మీ బండిలోనూ అంతే ఉంటుందనుకోండి. ఇంజను పూర్తిగా విప్పించి, క్రాంక్ బేరింగులు, ఆయిల్ సీళ్లు ఎంత బాగున్నట్టు కనిపించినా మార్పించండి. గేరు ఆయిలు పాలటీ రంగులో దిగితే నీళ్లు చేరినట్టే. వైరింగు మొత్తం కొత్తది వేయించండి. అందరూ మరిచిపోయేది ఒకటుంది: ఆ గొట్టం చాసిస్ లోపల కూడా నీళ్లు నిలుస్తాయి. బండిని విప్పినప్పుడే గొట్టాన్ని వంచి నీళ్లు కార్చి, బాగా ఆరనిచ్చి, లోపల ఆయిలు పోయించండి. లేకపోతే పై రంగు చెక్కుచెదరకుండానే లోపల్నుంచి తుప్పు తినేస్తుంది.

పుష్పక్ అని రాసున్న బిళ్లలు విప్పి ఇంట్లో దాచుకోండి. ఇంజను సామాను ఎక్కడైనా దొరుకుతుంది, ఆ పేరు దొరకదు.

ప్రశ్న: 1975 నాటి అసలైన ఇటలీ వెస్పా అంటూ ఒకాయన అమ్మజూపుతున్నారు. రెండు రంగులేసి అద్దంలా ఉంది. బయానా ఇవ్వొచ్చా?
- తెనాలి

జవాబు: కాగితాలు చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇటలీ వెస్పా కంపెనీ పియాజియో లైసెన్సు మీద బజాజ్ వాళ్లు ఇక్కడ వెస్పా చేసింది 1971 వరకే. 1972 నుంచి వచ్చింది చేతక్. 1975 బండి మీద వెస్పా బిళ్ల ఉందంటే, ఎవరో చేతక్‌కి ముఖం మార్చి ఉండొచ్చు. ఆర్సీలో తయారీదారు పేరు ఏముందో చదవండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి, అంకెలు సమంగా రావాలి. వంకరగా, కొత్తగా గుద్దినట్టుంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లి ఫుట్‌బోర్డు మీద, వెనక మడ్‌గార్డు అంచుల మీద ఆనించండి. అంటుకోని చోటల్లా లప్పమే. మన తేమకి లప్పం కింద రేకు ఎంతోకాలం నిలవదు.

ఆ మెరుగు చూసి మోసపోయే బదులు, రంగు వెలిసినా సరే, మొదటి కాగితాలతో ఉన్న చేతక్ కొనుక్కోవడం నయం. కొంచెం అరుదైనదే కావాలంటే, 1980ల్లో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ పియాజియోతో కలిసి తెచ్చిన వెస్పా పీఎల్ 170 కోసం ఆగండి.

ప్రశ్న: ఇప్పటి పెట్రోలు నా పాత లాంబీ స్కూటరుకి హాని చేస్తుందా?
- గుడివాడ

జవాబు: నిల్వ ఉంచితే చేస్తుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరునూ బెండు వాషర్లనూ ఉబ్బిస్తుంది. గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌ని తట్టుకునేవి వేయించండి. నెల రోజులకి మించి బండి తీయకపోతే ట్యాంకు, కార్బురేటరు రెండూ ఖాళీ చేయండి.

ప్రశ్న: నాన్నగారు పోయారు. ఆయన పేరున 1972 లాంబ్రెట్టా ఉంది, పాత మూడక్షరాల నంబరు. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించమని స్నేహితులంటున్నారు.
- మచిలీపట్నం

జవాబు: ముందు బండి మీ పేరుకి మారాలి. వారసులకి ఫారం 31. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం సిద్ధం చేసుకుని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లండి. మీ పాత ఆర్సీ వివరాలు కంప్యూటర్లో ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే వాటిని ఎక్కించడానికే తిరగాల్సి వస్తుంది, ఓపిక పట్టండి. ఆర్సీ పుస్తకానికి లామినేషన్ మాత్రం చేయించకండి.

వింటేజ్ నిబంధనలు 2021లో వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్న బండ్లకి వర్తిస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. ఇప్పటికే నంబరున్న బండి ఆ నంబరునే ఉంచుకోవచ్చు. అయితే వింటేజ్ కింద చేరిన బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, మరమ్మతుకి తప్ప రోజూ తిప్పకూడదు. మీరు ఆదివారం పొద్దున్నే దాని మీద మంగినపూడి బీచికి వెళ్లిరావాలనుకుంటే మామూలు రెన్యువలే మంచిది. నా ఓటు దానికే. నడిచే బండి చెడదు.

ప్రశ్న: తాతగారి సువేగా మోపెడ్ పశువుల కొట్టంలో పడి ఉంది. దానికేమైనా విలువ ఉందా?
- అవనిగడ్డ

జవాబు: ఉంది. లూనా పుణె వాళ్లది, టీవీఎస్ 50 హోసూరుది. సువేగా మన తిరుపతిది. ఫ్రాన్స్ మోటోబెకాన్ కంపెనీ నమూనాతో మోపెడ్స్ ఇండియా వాళ్లు అక్కడ చేశారు. గేర్లు లేవు, బెల్టు మీద నడుస్తుంది, పెట్రోలు అయిపోతే సైకిల్లా తొక్కుకుంటూ ఇంటికి చేరొచ్చు. చేలగట్ల మీద, కాలవ గట్ల మీద అది తిరిగిన రోజులు మీ ఊరి పెద్దలకి గుర్తుండే ఉంటాయి. లూనా, టీవీఎస్ దొరికినంత తేలిగ్గా ఇప్పుడు సువేగా దొరకదు.

బయటికి తీసి, ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. పేడ, మట్టి గట్టిపడిన చోట గీరకండి, కిరసనాయిలు పోసి నానబెట్టి పాత బ్రష్షుతో తుడవండి. కింద ఇంకా కంపెనీ రంగు ఉండొచ్చు. పెడళ్లు, గొలుసు కవరు, బెల్టు చక్రాలు, ట్యాంకు మూత ఉన్నాయో లేదో చూసుకోండి. అవి అన్నీ ఉంటే మీ బండి లేస్తుంది. ఊడిపోయినవి ఉంటే కొట్టం నేలంతా జల్లెడ పట్టి వెతకండి.

చివరగా పాఠకులందరికీ ఒక విన్నపం. పుష్పక్‌కి, సువేగాకి కంపెనీ ఇచ్చిన సామాన్ల పుస్తకం మీ బీరువాలో ఉంటే దయచేసి పాత పేపర్లవాడికి వేయకండి. జెరాక్స్ తీయించి మాకు పంపండి. సింగ్‌నగర్‌కి, అవనిగడ్డకి చేరుస్తాం.