ట్రేడ్ అనే మాటకు మన వైపు అర్థాలు

ఈ నెల గోడపత్రికకు ఒక ఇంగ్లీషు మాట తీసుకుని దాని అర్థాలన్నీ రాయమని ఇంగ్లీషు మేడమ్ చెప్పేరు. నేను ‘ట్రేడ్’ తీసుకున్నాను. చిన్న మాట కదా, అర పేజీలో అయిపోతుంది అన్నారు మా బెంచీ వాళ్ళు. రెండు చార్టులు పట్టింది.

ఈ మాట మనకి నాలుగైదు చోట్ల తగులుతుంది. సోషల్ పుస్తకంలో దేశాల మధ్య ట్రేడ్ అంటే వాణిజ్యం. పదో తరగతి అక్కలు ఐ.టి.ఐ. గురించి మాట్లాడుకుంటూ “నువ్వు ఏ ట్రేడ్ పెడతావు?” అంటారు. అక్కడ ట్రేడ్ అంటే ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, కుట్టుపని. ట్రేడ్ యూనియన్ అంటే కార్మిక సంఘం. భూగోళంలో ట్రేడ్ విండ్స్ అని ఉంది, తెలుగులో వ్యాపార పవనాలు అని రాసేరు. కొనడం అమ్మడం ఒకటి, చేతితో పని చేయడం ఒకటి, గాలి ఇంకొకటి. వీటన్నిటికీ ఒకే మాట ఎందుకు వచ్చింది?

లైబ్రరీలో ఉన్న పెద్ద డిక్షనరీలో చూస్తే ఆశ్చర్యం వేసింది. ట్రేడ్ అంటే మొదట్లో కొనుగోలూ కాదు, పనీ కాదు. నడిచి నడిచి పడిన దారి. కాలిబాట. తరవాత మనిషి రోజూ నడిచే దారి, అంటే రోజూ చేసే పని అన్న అర్థం వచ్చింది. దాని నుంచి నేర్చుకున్న పని. అన్నిటికంటే ఆఖరున సరుకులు కొని అమ్మడం. గాలి సంగతి కూడా ఇదే. ఒకే దారిన ఆగకుండా వీచే గాలి కాబట్టి దానికి ఆ పేరు. ఆ గాలితో ఓడలు నడిపి వ్యాపారం చేసేరు నిజమే, కానీ పేరు మాత్రం దారి నుంచి వచ్చింది. మన పుస్తకంలో వ్యాపార పవనాలు అన్నది తరవాతి అర్థాన్ని బట్టి పెట్టిన పేరు. పరీక్షలో మాత్రం అదే రాయాలి.

ఇది విని తెలుగు మేడమ్ ఇంకొకటి చెప్పేరు. మన తెలుగులో కూడా ఇలాగే ఉందట. వ్యాపారం అంటే సంస్కృతంలో మొదట పని అనే అర్థం. వృత్తి, వర్తకం అనే రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి పుట్టేయి. అంటే పని చేసేవాడినీ అమ్మేవాడినీ మాటలు ఒకే ఇంట్లో ఉంచేయి. మన వైపు చూస్తే వాళ్ళు ఒకే ఇంట్లో లేరు. అదే నేను ఇక్కడ రాయదలచుకున్నది.

మొదట మా కొండ సంగతి. మేము సవరలం. మా ఊరు మందస కొండల మీద. మా అమ్మ కొండచీపురు కోస్తుంది, ఎండబెడుతుంది, కట్ట కడుతుంది. ఏ గడ్డి ఎప్పుడు కోస్తే పువ్వు రాలదో ఆమెకి తెలుసు. అయ్య వెదురు చీల్చి బుట్ట అల్లుతాడు. అడ్డాకులు కుట్టడం నాకూ వచ్చు. చింతపండు గింజ తీసి అమ్మితే ధర ఎక్కువ, గింజతో అమ్మితే తక్కువ. ఇవన్నీ ట్రేడ్ అనే మాటకి పాత అర్థం. కొత్త అర్థం సంతలో ఉంటుంది, తక్కెడ పట్టుకున్నవాడి దగ్గర.

మా మామ్మ చెప్తుంది, తన చిన్నతనంలో డబ్బులు చూసేది తక్కువ, మార్పిడే ఎక్కువ అని. కుంచెడు చింతపండు పోస్తే మానెడు ఉప్పు ఇచ్చేవాడట సావుకారు. లెక్కల్లో మనకు వచ్చింది కదా, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే నాలుగింటికి ఒకటి. “మరి ఎందుకు ఒప్పుకున్నావు మామ్మా?” అంటే, “ఉప్పు నేకుండా గంజి ఎలా దిగుద్దే? కొండ మీద ఉప్పు పండుద్దా?” అంది. ఆమె మాటలో తప్పు ఏమీ లేదు. ఎవరికి ఏది లేదో అవతలివాడికి తెలిస్తే బేరం వాడిదే.

దీన్ని ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టేరు, మనం జి.సి.సి. అంటాము. ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. అది చింతపండు, తేనె, చీపుళ్ళు, కుంకుడుకాయలు లాంటివి కొని, డిపోల్లో బియ్యం, పప్పు, ఉప్పు అమ్ముతుంది. 1979లో షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ సరుకుల వ్యాపారం మీద ప్రత్యేకంగా ఒక రెగ్యులేషను వచ్చింది. దాని పేరులోనే ట్రేడ్ అనే మాట ఉంది. కానీ మన జిల్లాలో చాలా గిరిజన గ్రామాలు షెడ్యూల్డు లిస్టులో లేవు. వాటికి అది వర్తించదు. (వర్తించదు అన్నదీ వర్తకం అన్నదీ అక్కాచెల్లెళ్ళే, మేడమ్ నవ్వేరు.) 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం మాత్రం చిన్న అటవీ ఉత్పత్తులు ఏరుకోడానికే కాదు, అమ్ముకోడానికి కూడా మనకు హక్కు ఉందని రాసింది. ఏరడం, అమ్మడం రెండూ ఒకే వాక్యంలో పెట్టడం నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు జీడి. పలాస పేరు చెప్తే అందరికీ జీడిపప్పే గుర్తొస్తుంది. జీడిమామిడి మన చెట్టు కాదు, బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్ళు తెచ్చేరు. ఇప్పుడు ఉద్దానం రైతులకీ మా కొండ వాళ్ళకీ అదే ఆధారం. మా పెద్దక్క పలాసలో ఒక బట్టీలో రెండేళ్ళు పని చేసింది కాబట్టి ఇది నేను బాగా విన్నాను.

పిక్కలని ఉడకబెడతారు లేదా కాలుస్తారు. ఒక్కొక్క పిక్కనీ కట్టరు కింద పెట్టి కోస్తారు. డొక్కలో నూనె ఉంటుంది, అది తగిలితే చర్మం కాలి నల్లబడి ఊడుతుంది. అందుకని చేతులకి బూడిదో ఆముదమో రాసుకుంటారు. తరవాత పప్పుని ఆరబెట్టి పైపొర తీస్తారు. గుండు విరగకూడదు. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క, ధర పడిపోతుంది. చివరికి గ్రేడింగు. 180, 240, 320 అని డబ్బాల మీద నంబర్లు ఉంటాయి. ఒక పౌను బరువుకి, అంటే 454 గ్రాములకి సుమారు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ నంబరు చెప్తుంది. నంబరు తగ్గితే పప్పు పెద్దది, ధర ఎక్కువ. మా అక్క చూపుతోనే వేరు చేసేస్తుంది, లెక్కపెట్టదు. ఆ చూపు రావడానికి ఆరు నెలలు పట్టిందట. కానీ ఆ పనికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. కూలి కిలోకి ఇంత అని ఇస్తారు.

లెక్క చూద్దాం. మన వైపు పిక్కల బస్తా 80 కిలోలు. పిక్కల బరువులో సుమారు నాలుగో వంతు పప్పు వస్తుంది, అంటే బస్తాకి 20 కిలోల వరకు. 2023లో రైతులు బస్తాకి 16,000 రూపాయలు గిట్టుబాటు ధర ఇవ్వాలని అడిగేరు. ఆ ధరే ఇస్తే కిలో పప్పులో పిక్కల ఖర్చే 800 రూపాయలు. దాని మీద కట్టెలు, కూలి, డబ్బా, లారీ, దుకాణం. ఫ్యాక్టరీ వాళ్ళు అంత ఇవ్వలేము, ఆఫ్రికా నుంచి పిక్కలు ఓడల మీద వస్తున్నాయి అంటారు. అది కూడా ఉత్తమాట కాదు. అంటే మా కొండ మీద మా బాబాయి చెట్టు కింద ఏరే పిక్కకి ధర ఎక్కడో ఆఫ్రికాలో పంటని బట్టి మారుతుంది. వర్తకుడికి ఆ సంగతి ఫోనులో తెలిసిపోతుంది. బాబాయికి సంతకి వెళ్ళేక తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లే పడిపోయేయి. కొత్త చెట్టు కాపు పట్టడానికి ఏళ్ళు పడుతుంది. చెట్టు పోయినవాడు ఆ ఏళ్ళన్నీ వేరే పని వెతుక్కోవాలి.

ఫిబ్రవరిలో మన స్కూలు నుంచి ప్రాజెక్టు పనికి నౌపడ, మూలపేట తీసుకెళ్ళేరు కదా. రాని వాళ్ళ కోసం రాస్తున్నాను. నౌపడ దగ్గర ఉప్పు మడులు చదరంగం గళ్ళలా ఉన్నాయి. లీటరు సముద్రం నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి మారుస్తూ ఎండకి చిక్కబెడతారు. ఎప్పుడు గళ్ళు కడుతుందో చూడ్డానికి బామే అనే కొలత గొట్టం ఉంది, సుమారు 25 డిగ్రీలు రావాలి. అక్కడ పని చేసే ఒక పెద్దాయన గొట్టం చూడలేదు. మడిలో వేళ్ళు ముంచి రుద్ది, “ఇంకా రెండ్రోజులమ్మా” అన్నాడు. మేడమ్ గొట్టం పెట్టి చూసేరు, ఇంకా తక్కువే ఉంది. మా మామ్మ చింతపండు పోసి తెచ్చుకున్న ఉప్పు ఇలాంటి చోటి నుంచే వచ్చి ఉంటుంది. ఇక్కడి నుంచి 1900లో పర్లాకిమిడికి చిన్న రైలు వేసేరు, అది 1931కి గుణుపురం దాకా వెళ్ళింది. సముద్రానికీ కొండకీ మధ్య పడిన దారి అది. డిక్షనరీలో చెప్పిన మొదటి అర్థం నాకు అక్కడ గుర్తొచ్చింది.

మూలపేట సంతబొమ్మాళి మండలంలో ఉంది. అక్కడ పోర్టు కట్టడానికి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేసేరు. అంతకు ముందు దీన్ని భావనపాడు పోర్టు అనేవారు. మన తీరానికి రేవు కొత్త కాదు, బ్రిటిషు వాళ్ళ కాలంలో బారువ, కళింగపట్నం రేవుల నుంచి ఓడలు వెళ్ళేవి. పోర్టు కోసం మూలపేట, విష్ణుచక్రం వాళ్ళు ఇళ్ళు వదలాలి, నౌపడ దగ్గర స్థలం చూపించేరు. పోర్టు వస్తే వాణిజ్యం వస్తుంది అంటారు. అది ట్రేడ్. వలవేసేవాడి పని కూడా ట్రేడే. తీరం నుంచి ఇల్లు దూరం జరిగితే రెండో ట్రేడ్ ఏమవుతుంది అని మా గ్రూపు లీడరు అడిగింది. అక్కడి ఒక అమ్మ, “సముద్రాన్ని కూడా అక్కడికి జరపమను” అంది. నవ్వుతూనే అంది.

వేటకి నేర్పు ఎంత కావాలో మనకి తెలీదు, కొండ వాళ్ళం కదా. పడవకి పెద్దని తండేల్ అంటారు. నీటి రంగు, గాలి, పక్షులు చూసి వల ఎక్కడ వెయ్యాలో చెప్తాడు. అలాంటి నేర్పు ఉన్న మన జిల్లా వాళ్ళు ఎంతోమంది గుజరాత్‌లో వెరావల్ వెళ్ళి వేరేవాళ్ళ పడవల మీద పని చేస్తారు. 2018 నవంబరులో మన వైపు వాళ్ళని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుని జైల్లో పెట్టేరు. 2020 జనవరిలో ఇరవై మందిని వదిలేరు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమా ఆ సంగతి మీదే. సముద్రం మన జిల్లాకీ ఉంది, పనితనమూ ఉంది, మరి పని కోసం అంత దూరం వెళ్ళడం ఎందుకు? సరైన జెట్టీ, చేపలు నిలవ పెట్టే చోటు, మంచి ధర ఉంటే వెళ్ళము అని మూలపేట వాళ్ళే చెప్పేరు.

పోర్టులో పని దొరుకుతుందా అని మా వాళ్ళు అడిగితే అక్కడి ఇంజనీరు సారు, “మీ దగ్గర ట్రేడ్ ఉందా?” అన్నారు. వెల్డరు, ఎలక్ట్రీషియను, డీజిలు మెకానికు కావాలట. వెల్డరు ఒక ఏడాది, ఎలక్ట్రీషియను, ఫిట్టరు రెండేళ్ళు. పది పాసైతే చేరవచ్చు. ఆడపిల్లలు కూడా చేరవచ్చు. ఇది అందరూ తెలుసుకోవాలి. నాకు ఎలక్ట్రీషియను ఇష్టం. ఉప్పు మడిలో వేళ్ళు ముంచిన పెద్దాయనకి మాత్రం ఆ ఫారంలో రాయడానికి ట్రేడ్ లేదు.

మన స్కాలర్‌షిప్ ఫారంలో ‘తల్లిదండ్రుల వృత్తి’ అని ఒక గడి ఉంది. మా క్లాసులో దాదాపు అందరం ‘కూలి’ అని రాస్తాము. ఈ వ్యాసం కోసం ఏడుగురిని అడిగేను, మీ ఇంట్లో వాళ్ళకి ఏమేమి పనులు వచ్చు అని. వెదురు తట్ట, చాప, తేనె దించడం, చీపురు, గోడకి సవర బొమ్మలు వెయ్యడం, ఎద్దుకి మందు కట్టడం, రాయి కొట్టడం, పురుడు పొయ్యడం. ఒక్కదానికీ ఎవరూ ఫారం మీద పేరు పెట్టలేదు. ఈసారి నేను ‘చీపురు కట్టడం, వెదురు అల్లడం, జీడి తోట’ అని రాసేను. క్లర్కు సారు, “ఇంత గడిలో ఇదంతా పడుతుందేటమ్మా?” అన్నారు. పక్కన మార్జినులోకి గీత లాగి రాసేను. ఒప్పుకున్నారు.

మీ ఊళ్ళో పనుల పేర్లు, అవి సవరలో గానీ జాతాపులో గానీ ఏమంటారో, కొలతల పేర్లు ఏమైనా తెలిస్తే చీటీ మీద రాసి నాకివ్వండి. వచ్చే నెల చార్టు వేస్తాను. 9-బి, కిటికీ పక్క రెండో బెంచీ.