‘అని’ చేసే పని కామా చేస్తుంది

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళే బస్సు ఇంకా కదలలేదనుకోండి. కారణం ఇంగ్లీషులో ఒకరు ఇలా రాశారు. (ఈ వాక్యాలను మీ నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంటూ చదవండి.)

ది డ్రైవర్ సెడ్ ది కండక్టర్ ఈజ్ లేట్

ఆలస్యం ఎవరిది? గుర్తులు పెట్టి చూడండి:

ది డ్రైవర్ సెడ్, “ది కండక్టర్ ఈజ్ లేట్.”

ఇప్పుడు ఆలస్యం కండక్టరుది. అవే మాటలకు గుర్తులు మార్చండి:

“ది డ్రైవర్,” సెడ్ ది కండక్టర్, “ఈజ్ లేట్.”

ఒక్క మాట కూడా మారలేదు. కాని తప్పు డ్రైవరు మీదికి పోయింది!

తెలుగులో ఈ చిక్కు రాదు. “డ్రైవరు ఆలస్యంగా వచ్చాడని కండక్టరు అన్నాడు” అంటే ఎవరికీ సందేహం ఉండదు. ఒకరి మాట ఎక్కడ ముగిసిందో ‘అని’ చెప్పేస్తుంది. ఇంగ్లీషు ప్రత్యక్ష కథనంలో అలాంటి మాట లేదు. ఆ పనిని కొటేషన్ గుర్తులు, కామా కలిసి చేస్తాయి. పలికిన మాటలను కొటేషన్ గుర్తులు చుట్టి ఉంచుతాయి. పలికినవారెవరో చెప్పే భాగాన్ని కామా వేరు చేస్తుంది.

ఇక నియమాలు చూద్దాం.

1. ‘సెడ్’ ముందు వస్తే, దాని తర్వాత కామా పెట్టాలి. కొటేషన్ లోపల మొదటి అక్షరం పెద్దది.

2. పలికిన మాటలు ముందు వస్తే, వాటి చివర ఫుల్‌స్టాప్‌కు బదులు కామా ఉండాలి. అదీ కొటేషన్ లోపలే:

“కృష్ణదేవరాయ టుక్ ఉదయగిరి ఫోర్ట్ ఇన్ 1514,” సెడ్ ది టీచర్.

వాక్యం ముగిసేది ‘టీచర్’ దగ్గర. అందుకే ఫుల్‌స్టాప్ అక్కడ పడింది.

3. పలికిన మాట ప్రశ్న అయితే ప్రశ్నార్థకం చాలు, కామా అక్కరలేదు:

“వేర్ ఈజ్ ది బస్?” హి ఆస్క్‌డ్.

4. ఒకే వాక్యాన్ని మధ్యలో విడదీస్తే, పైన కండక్టరు మాటల్లోలాగా రెండు కామాలు కావాలి. రెండో ముక్క చిన్న అక్షరంతో మొదలవుతుంది.

5. ‘సెడ్ దట్’ అని పరోక్ష కథనంలో రాస్తే కామా వద్దు, కొటేషన్ గుర్తులూ వద్దు. అక్కడ ‘దట్’ మన ‘అని’ లాంటిదే.

ఇప్పుడు మీ వంతు. కింది వాక్యానికి రెండు విధాలుగా గుర్తులు పెట్టండి. పరీక్ష తప్పింది ఎవరో ఒక్కోసారి చెప్పండి:

రవి సెడ్ గోపి హాజ్ ఫెయిల్డ్