చదువు ఒకటి – కొలువు ఒకటి

పాఠ్యభాగ పరిచయం

ఉన్నత విద్యావంతులు విదేశాలకు వలస వెళ్ళడం తెలుగువారికి సుపరిచితమైన విషయం. అయితే వారు చదివిన చదువుకు, అక్కడ లభించే ఉద్యోగానికి మధ్య పొందిక ఎంతవరకు ఉంటుంది? దానిని నిర్ణయించే అంశాలు ఏవి? కెనడా, అమెరికా దేశాల అనుభవం ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నలను చర్చిస్తుంది.

పాఠ్యభాగం

పరదేశంలో ఆదుకొనేది విద్యయేనని మన పెద్దల నమ్మకం. విద్య నిజంగానే మనిషితోపాటు ఎల్లలు దాటుతుంది. కాని ఆ విద్యకు గల గుర్తింపు అంత సులభంగా ఎల్లలు దాటదు. స్వదేశంలో ఇంజనీరుగా మన్నన పొందిన వ్యక్తి పరదేశంలో గిడ్డంగిలో సరకులు సర్దుతూ, వైద్యపట్టా గల వ్యక్తి టాక్సీ నడుపుతూ కనిపించడానికి ప్రధాన కారణం ఇదే.

చదువుకు, కొలువుకు మధ్య పొందికను రెండు విధాలుగా పరిశీలించాలి. మొదటిది స్థాయికి, రెండవది శాఖకు సంబంధించినది. సివిల్ ఇంజనీరు దుకాణంలో గుమస్తాగా చేరితే అది స్థాయిలో లోపం. అతడే సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రోగ్రామర్‌గా చేరితే స్థాయి నిలిచి, శాఖ మాత్రమే మారుతుంది. శాఖ మారడం చాలాసార్లు వ్యక్తి ఇష్టప్రకారం జరిగేదే. స్థాయి దిగజారడం మాత్రం వ్యక్తికీ, సమాజానికీ నష్టమే.

ఈ నష్టానికి కెనడా ప్రసిద్ధమైన ఉదాహరణ. 1967లో ఆ దేశం వలసదారుల ఎంపికకు పాయింట్ల పద్ధతిని ప్రవేశపెట్టింది. పుట్టిన దేశాన్ని బట్టి కాక విద్య, నైపుణ్యం, వయస్సు, భాషాజ్ఞానం వంటి అర్హతలను బట్టి అభ్యర్థులను ఎంచుకోవడం దాని ఆశయం. 2015లో ఆరంభమైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానంలోనూ విద్యకు పాయింట్లు లభిస్తాయి. అయితే వలసకు అనుమతినిచ్చేది ప్రధానంగా సమాఖ్య ప్రభుత్వం. వైద్యం, నర్సింగ్, ఇంజనీరింగ్, బోధన వంటి వృత్తులకు లైసెన్సు ఇచ్చేవి రాష్ట్రాల స్థాయిలోని నియంత్రణ సంస్థలు. తక్కిన ఉద్యోగాలలో నిర్ణయం యజమానిది. రమ్మని పిలిచేది ఒకరు, పని చేయనిచ్చేది వేరొకరు. పాయింట్లు తెచ్చిపెట్టిన పట్టా లైసెన్సును తెచ్చిపెట్టదు.

దీనికి తోడు 'కెనడా అనుభవం' అనే షరతు చిరకాలం వలసదారులను బాధించింది. అనుభవం లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితేగాని పిచ్చి కుదరదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ప్రజల ప్రాణాలతో ముడిపడిన వృత్తులలో పరీక్షలు, కట్టుదిట్టాలు అవసరమే. కాని యోగ్యతను పరీక్షించడం వేరు, అది ఎక్కడ సంపాదించినదని ప్రశ్నించడం వేరు. ఒంటారియో రాష్ట్రం ఈ భేదాన్ని క్రమంగా గుర్తించింది. లైసెన్సుల మంజూరులో న్యాయమైన పద్ధతులు పాటించాలని 2006లో చట్టం చేసింది. అనేక వృత్తులలో కెనడా అనుభవాన్ని తప్పనిసరి చేయరాదని 2021లో శాసించింది. 2023లో అక్కడి ఇంజనీర్ల నియంత్రణ సంస్థ ఆ షరతును తొలగించింది.

అమెరికాలో మార్గం వేరు. 1990 నాటి చట్టంతో ఏర్పడిన హెచ్-1బి వీసాకు ముందుగా ఉద్యోగం ఉండాలి. ఆ ఉద్యోగానికి తగిన శాఖలో పట్టా కూడా ఉండాలి. కాబట్టి ఈ వీసాపై వెళ్ళినవారి చదువుకు, పనికి సాధారణంగా పొందిక కుదురుతుంది. కాని వారి వెంట హెచ్-4 వీసాపై వెళ్ళిన జీవిత భాగస్వాములకు 2015 మే వరకు ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఆ తరువాత కూడా శాశ్వత నివాస ప్రక్రియలో నిర్ణీత దశకు చేరినవారి భాగస్వాములకే అది లభించింది. హైదరాబాదులోనో, విజయవాడలోనో ఇంజనీరింగ్ చదివిన ఎందరో తెలుగు మహిళలు ఈ కారణంగా ఏళ్ళ తరబడి ఇంటికే పరిమితమయ్యారు. ఒకే ఇంటిలో, ఒకే చదువు గల ఇద్దరిలో ఒకరికి ఆ చదువు జీవనాధారమైంది. మరొకరికి పెట్టెలోని కాగితమైంది. ఇక్కడ భేదం వారి ప్రతిభలో లేదు, ప్రవేశించిన ద్వారంలో ఉంది.

అర్హతకు తగని పనిలో గడిచే కాలం వృథా కావడమే కాదు, నైపుణ్యాన్ని కూడా తుప్పు పట్టిస్తుంది. శస్త్రచికిత్స మరచిన చేతికి, వాడుక తప్పిన సాంకేతిక జ్ఞానానికి తిరిగి పదును పెట్టడం కష్టం. కుటుంబ పోషణ కోసం తాత్కాలికంగా చేపట్టిన కొలువు శాశ్వతమయ్యే ప్రమాదమూ ఉంది. ప్రభుత్వ కళాశాలలో ప్రజాధనంతో చదివిన వైద్యుడు విదేశంలో వైద్యం చేయలేకపోతే అతనిని పంపిన దేశమూ, రప్పించుకున్న దేశమూ ఏకకాలంలో నష్టపోతాయి.

పట్టాలను పరస్పరం గుర్తించే ఒప్పందాలు దీనికి కొంత పరిష్కారం చూపుతాయి. ఇంజనీరింగ్ విద్యకు సంబంధించిన వాషింగ్టన్ ఒప్పందం 1989లో కుదిరింది. భారతదేశం 2014లో అందులో పూర్తి సభ్యత్వం పొందింది. అయితే జాతీయ అక్రెడిటేషన్ బోర్డు నిర్ణీత శ్రేణిలో గుర్తించిన కోర్సులకే దాని ప్రయోజనం చేకూరుతుంది. కాబట్టి విదేశీ ఉపాధిని కోరే యువత తాను చేరే కోర్సుకు గల గుర్తింపును, గమ్యదేశంలో ఆ వృత్తికి అవసరమైన లైసెన్సును, వీసా కల్పించే పని హక్కును ముందుగానే తెలుసుకోవడం వివేకం. ప్రభుత్వాలు కూడా చదువును చూసి పిలిచినవారికి ఆ చదువును వినియోగించే అవకాశం కల్పించాలి. అప్పుడే వలస వరమవుతుంది.

పదాలు – అర్థాలు

పొందిక = అనుకూలత, కుదురుబాటు
ఎల్ల = సరిహద్దు
మన్నన = గౌరవం
గిడ్డంగి = సరకులు నిల్వచేసే చోటు
కట్టుదిట్టం = గట్టి ఏర్పాటు

ప్రశ్నలు

1. చదువుకు, కొలువుకు మధ్య పొందికలోని రెండు విధాలను ఉదాహరణలతో వివరించండి.
2. 'రమ్మని పిలిచేది ఒకరు, పని చేయనిచ్చేది వేరొకరు' – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. హెచ్-1బి, హెచ్-4 వీసాల మధ్య భేదం కుటుంబాలపై చూపిన ప్రభావాన్ని తెలపండి.
4. విదేశాలలో ఉద్యోగం కోరే విద్యార్థి ముందుగా తెలుసుకోవలసిన విషయాలేవి?