మన పెద్దల అడుగుజాడలు: కుటుంబ చరిత్ర వెదకుట ఎట్లు?



మన పిల్లలను "మీది ఏ ఊరు?" అని అడిగితే లమ్తపుట్ అనో, జయపురం అనో చెప్పుదురు. "మీ తాతగారిది?" అంటే "ఆంధ్రా" అంటారు. ఆంధ్రాలో ఏ ఊరు అంటే ఇంటిలోని పెద్దవారి వంక చూస్తారు. పెద్దవారు లేని ఇంటిలో ఆ ప్రశ్న అక్కడే ఆగిపోవుచున్నది. మాచ్‌ఖండ్ పనులకు యౌవనములో వచ్చినవారిలో నేడు మిగిలినవారు బహు కొద్దిమంది. వారును తొంబది ఏండ్లకు అటూ ఇటూ ఉన్నారు. కనుక ఈ పాఠము వాయిదా వేయదగినది కాదు.

1. మొదట సరిహద్దు తెలిసికొనవలెను

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు కొరాపుట్ ప్రాంతము మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగము. ఇది జయపురం జమీందారీ. కాబట్టి అంతకుముందు కొండ ఎక్కిన కుటుంబము పరరాష్ట్రమునకు వచ్చినది కాదు. ఒకే జిల్లాలో కదిలినది. ఆ కాలపు ప్రభుత్వ కాగితములను భువనేశ్వర్‌లో మాత్రమే వెదకిన చాలదు. చెన్నైలోని పాత రికార్డుల కార్యాలయములో కూడా విచారించవలెను.

క్రింది ఊళ్లకును ఇదే చిక్కు. పార్వతీపురం సంగతి చూడండి. అది 1950 వరకు విశాఖపట్నం జిల్లా, ఆ తరువాత శ్రీకాకుళం జిల్లా, 1979 నుండి విజయనగరం జిల్లా, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లా. ఊరు కదలలేదు, జిల్లా పేరే మారినది. తాతగారు "విశాఖ జిల్లా" అన్నారని విశాఖపట్నము చుట్టూ తిరిగి ప్రయోజనము లేదు. ఊరి పేరు, ప్రక్క ఊరి పేరు, సంత ఏ ఊరిలో జరిగేదో అడిగి వ్రాసికొనండి.

2. ఏ పనికి వచ్చారు?

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకము మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వముల ఉమ్మడి పథకము. జోలాపుట్ వద్ద ఆనకట్ట కట్టి, డుడుమ జలపాతమున్న చోట నీటి దూకుడును వాడుకొని విద్యుత్తు తీశారు. 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌గారు దీనిని ప్రారంభించారు. మేస్త్రీలు, తాపీ పనివారు, కూలీలు, డ్రైవర్లు, గుమాస్తాలు అనేకులు మైదానము నుండి వచ్చారు. ఉద్యోగికి సర్వీసు పుస్తకము ఉండును. అందులో పుట్టిన తేదీ, తండ్రి పేరు, స్వగ్రామము వ్రాసియుండును. మస్తరు కూలీకి అది లేదు. అట్టివారి ఇంటిలో రేషను కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్టు, పాత ఉత్తరముల మీది చిరునామా వెదకండి. పోస్టాఫీసు ముద్ర కూడా సాక్ష్యమే.

3. ఒంటరిగా ఎవరును రాలేదు

అమెరికాలో "స్కాచ్-ఐరిష్" అను జనము ఉన్నారు. వారి పూర్వికులు 17వ శతాబ్దములో స్కాట్లాండు నుండి ఐర్లండులోని అల్‌స్టర్‌కు, తిరిగి 1718 ప్రాంతము మొదలుకొని అమెరికాకు వలస పోయి, పెన్సిల్వేనియా నుండి వర్జీనియా, కరోలినా కొండల వరకు వ్యాపించారు. రెండుమార్లు వలస పోయినవారి మూలము దొరకుట కష్టము. దానికి తోడు 1922లో డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనము కాలిపోయి ఐర్లండు పాత కాగితములు ఎన్నో నశించినవి. అయినను వారి సంతతివారు వెదకుట మానలేదు. మనిషి జాడ దొరకనప్పుడు అతని పొరుగువారి జాడ పట్టారు. భూమి దస్తావేజులో సాక్షి సంతకము ఎవరిది, సంఘపు పుస్తకములో ప్రక్క పేరు ఎవరిది అని చూచారు. ఒక ఊరివారు కలిసి కదలుట లోకమంతట ఉన్నదే.

మనకును ఇదే మార్గము. తాతగారిని పనికి పిలిచికొని వచ్చిన మేస్త్రీ ఎవరు? ఒకే పాకలో వంట చేసికొన్నవారు ఎవరు? పెండ్లికి సాక్షులు ఎవరు? వారి మనుమలను అడగండి. మీ ఊరి పేరు వారి ఇంటిలో ఉండవచ్చును.

4. సంఘపు రిజిష్టరు చదువు విధము

మన బాప్టిస్టు సంఘములలో శిశువులకు బాప్తిస్మము ఇవ్వము. కనుక మన రిజిష్టరులోని బాప్తిస్మపు తేదీని బట్టి వయస్సు లెక్కకట్టరాదు; ఆ దినమున అతడు పదునారేండ్లవాడు కావచ్చు, అరువదేండ్లవాడు కావచ్చు. ఈ కొండలలో 1882 నుండి జర్మనీలోని బ్రెక్లుం మిషనువారు లూథరన్ సంఘములు స్థాపించారు. బంధుత్వము అటు కలిసిన కుటుంబములు వారి శిశు బాప్తిస్మపు పుస్తకములను కూడా చూడవలెను. వాటిలో తల్లిదండ్రుల పేర్లు ఉండును.

1872 క్రైస్తవ వివాహ చట్టము క్రింద నమోదైన పెండ్లి అయితే వధూవరుల వయస్సు, తండ్రుల పేర్లు తెలియును. మైదానములోని కెనడియన్ బాప్టిస్టు మిషను పాత కాగితములు కెనడాలోని హామిల్టన్ పట్టణములో మెక్‌మాస్టర్ వేదాంత కళాశాలలో భద్రముగా ఉన్నవి.

5. పేర్లు మారును

మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. ఒడియా కార్యాలయములలో అది చివర ఉండవలెను. అందుచేత ఇంటిపేరు ఒక అక్షరముగా కుదించుకొనిపోయి, "రావు" అనునదే ఇంటిపేరైన కుటుంబములున్నవి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నాటి నుండి క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులపు హక్కు లేదు. ఆ కారణమున బడి రిజిష్టరులో ఒక పేరు, సంఘపు రిజిష్టరులో మరియొక పేరు కనబడవచ్చును. రెండును వ్రాసికొనండి. ఏది ఎందుకు వ్రాయించారో పెద్దలను నెమ్మదిగా అడగండి, తీర్పు తీర్చవద్దు.

6. చరిత్రను కడిగి వ్రాయవద్దు

కూలికి వచ్చిన తాతను మనుమలు కాంట్రాక్టరుగా వ్రాయుట చూచుచున్నాము. మత్తయి సువార్త మొదటి అధ్యాయములోని వంశావళి రాహాబును, రూతును దాచలేదు. రాళ్లు మోసిన చేతులను మనమెందుకు దాచవలెను?

మరియొక మాట. మన పెద్దలు ఖాళీ చోటికి రాలేదు. ఇది గదబ, పరజ, బోండా జనుల నేల. మాచ్‌ఖండ్ పథకమునకు సుమారు 3,000 కుటుంబములు ఇల్లు వాకిలి విడిచినవి; వారిలో సగముమంది ఆదివాసులు. మనకు కూలి దొరికిన పనియే వారికి ఊరు లేకుండ చేసినది. మన కుటుంబ చరిత్రలో ఆ పేజీ కూడా ఉండవలెను. నీళ్లక్రిందికి పోయిన ఊళ్ల పేర్లు పొరుగున ఉన్న గదబ పెద్దలకు తెలియును. అడిగి, మన ఊరి పేరు ప్రక్కన వాటిని కూడా వ్రాయండి.

అభ్యాసము

ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక నోటు పుస్తకము తీసికొని ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాయవలెను. పెద్దవారు చెప్పగా పిల్లలు వ్రాయుట మేలు. తెలుగు చదువరాని పిల్లలు ఒడియాలో వ్రాసినను సరే.

1. మొదట వచ్చినది ఎవరు? ఏ ఊరి నుండి, ఏ సంవత్సరమున, ఎవరితో?
2. ఏ పని చేశారు? మొదట ఎక్కడ నివసించారు?
3. మైదానములో నిలిచిపోయిన బంధువులు ఎవరు? చివరి ఉత్తరము ఎప్పుడు వచ్చినది?
4. ఈ ఇల్లున్న చోట మనకు ముందు ఎవరుండిరి?

తెలియని చోట ఖాళీ విడువండి, ఊహించి నింపవద్దు. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో తప్పక వ్రాయండి. రెండు నకళ్లు తీసి, ఒకటి ఇంటిలోను, ఒకటి సంఘపు పెట్టెలోను ఉంచండి.