రిఫర్ రాసే ముందు మొదటి డోసు

కొత్తగా పీహెచ్‌సీలో పోస్టింగ్ వచ్చిన డాక్టర్లకూ స్టాఫ్‌నర్సులకూ ఈ మాటలు. చేతిలో పీజీ ఎంట్రన్స్ పుస్తకం ఉంటుంది, బయట వాన పడుతుంటుంది. రాత్రి ఎనిమిదింటికి ట్రాక్టర్లోంచి పాము కరిచిన మనిషితో పాటు పాతికమంది దిగుతారు. ఆ గుంపును చూడగానే ఎవరికైనా తట్టే మొదటి ఆలోచన జిల్లా ఆస్పత్రికి రాసి పంపేద్దామనే. రాయండి, తప్పు లేదు. కానీ విషం ఎక్కిన లక్షణాలు కళ్ళముందు ఉండగా ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) మొదటి డోసు పెట్టకుండా రాస్తే మనిషి దారిలోనే పోవచ్చు. ఆ స్లిప్ మీద సంతకం మీది.

మన డ్యూటీలో రాదులే అనుకోవద్దు. 2000 నుంచి 2019 వరకు లెక్క తీసిన అధ్యయనం ప్రకారం దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారు. 2018లో దివిసీమలో నాట్ల రోజుల్లో అవనిగడ్డ ఆస్పత్రికి కాటు కేసులు వరసపెట్టి వచ్చాయి. వానాకాలం వచ్చిందంటే ఈ కేసు మీ దగ్గరికీ వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నలభై ఏళ్ళ రైతు, గట్టు మీద నాగుపాము కరిచి ముప్పావుగంట అయింది. పాదం వాచింది. కనురెప్పలు వాలుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. నాగుపాము విషం నరం నుంచి కండరానికి కబురు అందే చోట అడ్డం కూర్చుంటుంది. అందుకే ముందు రెప్పలు, తర్వాత నాలుక, మెడ, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. ఒక్క గుక్కలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో, దిండు మీంచి తల ఎత్తగలడో చూసి టైముతో సహా రాసుకోండి. ఇరవై అంకెలు పదికి పడిపోతే ఊపిరికి ముప్పు దగ్గరికొచ్చినట్టే.

ఇతనికి 10 వైల్స్ ఏఎస్‌వీ సెలైన్‌లో కలిపి అరగంటలో ఎక్కించాలి. ఒక్కో పొడి వైల్‌కు 10 మి.లీ. నీళ్ళు పోయాలి. తొందరలో కుదిపితే నురగ వస్తుంది, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి. పది వైల్స్ ఒక్కరే కలిపితే ఆలస్యమవుతుంది, ఫార్మసిస్టునూ పిలవండి. దాంతోపాటు అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఇచ్చి, నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. ఇవ్వండి. నాగుపాము కాటైతే రెప్పలు లేవడం చాలాసార్లు మన కళ్ళముందే కనిపిస్తుంది. గంట గడిచినా మెరుగు లేకపోతే మరో 10 వైల్స్. పిల్లలకైనా ఏఎస్‌వీ ఇదే డోసు, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం ఎక్కించదు.

ఇంకో మాట. కండరాలు పడిపోయిన స్థితిలో మనిషి కళ్ళు తెరవలేడు, మాట్లాడలేడు, కానీ అన్నీ వింటూనే ఉంటాడు. మంచం పక్కన నిలబడి "ఇక లాభం లేదు" అనకండి. ఊపిరి తగ్గితే అంబూ బ్యాగ్ అందుకోండి. దాన్ని వదలకుండా నొక్కుతూ పైఆస్పత్రికి చేర్చిన రోగులు లేచి నడిచి ఇంటికి వెళ్ళిన సందర్భాలున్నాయి.

అసలు తప్పులు జరిగేది ఎక్కడో చూద్దాం.

మొదటిది, కాటు కనిపించలేదని పంపేయడం. నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, గాటు ఎక్కడా దొరకదు. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేస్తే మధ్యాహ్నానికి ఊపిరి ఆగవచ్చు. కట్లపాము పని అలాగే ఉంటుంది. దానికి నియోస్టిగ్మిన్ పెద్దగా పనిచేయదు, ఊపిరి చూసుకోవడమే ప్రధానం. కాటు అని అనుమానమున్నా లక్షణాలు లేనివాణ్ణి ఏఎస్‌వీ పెట్టకుండా 24 గంటలు పరిశీలనలో ఉంచండి.

రెండోది, రక్తపింజర కేసులో గడ్డకట్టే పరీక్ష పాడుచేయడం. 2 మి.లీ. రక్తం శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ప్లాస్టిక్ సిరంజిలోనో, సబ్బు వాసన పోని ట్యూబులోనో చేస్తే ఫలితం అబద్ధం చెబుతుంది.

మూడోది, రియాక్షన్ భయం. ఏఎస్‌వీ గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది కాబట్టి దద్దుర్లు, వణుకు, బీపీ పడిపోవడం జరగొచ్చు. దానికి టెస్ట్ డోసు పనికిరాదు, టైము దండగ. అడ్రినలిన్ 0.5 మి.గ్రా. ముందే సిరంజిలో సిద్ధంగా పెట్టుకోండి. రియాక్షన్ వస్తే డ్రిప్ ఆపి తొడ కండరంలో ఇవ్వండి, కుదుటపడ్డాక మళ్ళీ మెల్లగా మొదలుపెట్టండి.

నాలుగోది, కాటుకు పైన బిగించి కట్టిన తాడును గుమ్మంలోనే తెంచేయడం. ముందు సెలైన్ లైన్ పెట్టి, మందు సిద్ధం చేసుకుని, అప్పుడు విప్పండి.

పసరు పోయించి ఆలస్యంగా తెచ్చారని బంధువుల మీద అరవకండి. వచ్చే ఏడు కూడా వాళ్ళు మీ దగ్గరికే రావాలి. పామును చంపి తెమ్మని అసలు అనొద్దు, ఇంకొకరికి కాటు పడుతుంది. మందు పెట్టాల్సింది లక్షణాలను బట్టే.

ఇక కాగితాలు. వచ్చిన టైము, లక్షణాలు, పెట్టిన వైల్స్, బ్యాచ్ నంబరు కేస్‌షీట్‌లో రాయండి. రిఫరల్ స్లిప్‌లోనూ అవే ఉండాలి, లేకపోతే అక్కడి డ్యూటీ డాక్టర్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ పాముకాటు కేసులను, మరణాలను తప్పనిసరిగా నమోదు చేయించమని రాష్ట్రాలను కోరింది. కుటుంబానికీ ఆ కాగితమే ఆధారం. ప్రధానమంత్రి సురక్షా బీమా కింద పాముకాటు మరణానికి 2 లక్షలు రావాలంటే వెంటనే ఆస్పత్రిలో చూపించిన రికార్డు ఉండాలి. విచారణ వస్తే మిమ్మల్ని కాపాడేదీ అదే.

ఈ రోజు డ్యూటీ ఎక్కగానే వైల్స్ లెక్కపెట్టి ఎక్స్‌పైరీ తేదీ చూడండి. ఇరవైకి తక్కువుంటే ఇండెంట్ పెట్టి కాపీ దగ్గర ఉంచుకోండి. అంబూ బ్యాగ్ నొక్కి గాలి వస్తోందో లేదో చూడండి. పది నిమిషాల పని. ట్రాక్టర్ వచ్చాక ఆ పది నిమిషాలు దొరకవు.