ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ – జానపద గేయానికి ఒక నూతన పాఠాంతరం

జానపద గేయానికి కర్త ఎవరని ప్రశ్నిస్తే సాహిత్య విద్యార్థి “అజ్ఞాతకర్తృకం” అని సమాధానమిస్తాడు. ఆ సమాధానం సరియైనదే కాని సంపూర్ణం కాదు. గేయాన్ని పాడిన ప్రతి గాయకుడూ ఒక మాట మార్చి, ఒక చరణం విడిచి, ఒక వరుస కలిపి దానికి కొంతమేరకు కర్త అవుతున్నాడు. కనుక పాఠాంతరం జానపద గేయానికి దోషం కాదు, ప్రాణం. ఈ సూత్రానికి నిదర్శనంగా ఇంగ్లండుకు చెందిన “ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్” అనే వాద్యబృందం చరిత్రను పరిశీలింపదలచాం. ప్రాచీన జానపద గేయాన్ని ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ములతో కూడిన రాక్ సంగీతంతో మేళవించే ప్రక్రియను “ఫోక్ రాక్” అంటారు. ఆ ప్రక్రియకు ఇంగ్లండులో ఒక స్వరూపాన్ని కల్పించినవారిలో వీరు అగ్రగణ్యులు.

అనుకరణ దశ

ఉత్తర లండన్‌లోని మజ్వెల్ హిల్‌లో “ఫెయిర్‌పోర్ట్” అనే ఇల్లు ఒకటి ఉన్నది. అక్కడ సాధన చేసిన యువకులు ఆ ఇంటి పేరునే తమ బృందానికి పెట్టుకొని, 1967 మే 27న తొలి కచేరీ చేశారు. ఆష్లీ హచింగ్స్, సైమన్ నికోల్, రిచర్డ్ థాంప్సన్ వీరిలో ముఖ్యులు. మొదట వీరి దృష్టి అంతా అమెరికా మీదనే నిలిచింది. బాబ్ డిలన్, జోనీ మిచెల్ వంటివారి గీతాలనే ఎక్కువగా పాడేవారు. 1968లో శాండీ డెన్నీ గాయనిగా చేరింది. జానపద సంగీత సభలలో పాడి పేరు తెచ్చుకున్న ఆమెతోపాటు పాత ఇంగ్లీషు గేయాలు కూడా బృందంలోకి ప్రవేశించాయి. అదే సంవత్సరం “ది బ్యాండ్” అనే బృందం తన మొదటి ఆల్బమ్‌లో అమెరికా మూలాల నుండి కొత్త సంగీతాన్ని సృష్టించగా, దానిని విన్న వీరికి ఒక సత్యం బోధపడింది. పరాయి మూలాలను ఎంత చక్కగా అనుకరించినా అది అనుకరణే. తమ నేలలోని మూలాలను తామే వెదకుకోవాలి.

1969 – విషాదం, మలుపు

ఆ అన్వేషణ ఆరంభమైన కొద్దికాలానికే పెద్ద ఆపద సంభవించింది. 1969 మే 12న బర్మింగ్‌హామ్‌లో కచేరీ ముగించుకొని తిరిగి వస్తుండగా వారి వాహనం బోల్తా పడింది. డ్రమ్ములు వాయించే మార్టిన్ లాంబుల్ మరణించాడు. అతని వయస్సు 19 సంవత్సరాలు. వారితో ప్రయాణిస్తున్న జీనీ ఫ్రాంక్లిన్ అనే యువతి కూడా ప్రాణాలు కోల్పోయింది. బృందాన్ని కొనసాగించాలా, విరమించాలా అన్న ప్రశ్న మిగిలినవారి ముందు నిలిచింది. వారు కొనసాగించారు, అయితే పాత బాణీలో కాదు. డ్రమ్ములకు డేవ్ మాటాక్స్, ఫిడేలుకు డేవ్ స్వార్‌బ్రిక్ చేరారు. అందరూ హాంప్‌షైర్ పల్లెసీమలోని ఒక ఇంట్లో కలిసి నివసిస్తూ సాధన చేశారు. హచింగ్స్ లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయంలో పాత గేయాల కోసం శోధించాడు. ఫలితంగా 1969 డిసెంబరులో “లీజ్ అండ్ లీఫ్” వెలువడింది.

హార్వర్డు ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882–1898 మధ్య 305 కథాగేయాలను పాఠాంతరాలతో సహా ప్రకటించాడు. “మాటీ గ్రోవ్స్”, “టామ్ లిన్” ఆ సంకలనంలోనివే. మొదటిదానిలోని ఇంగ్లీషు కథను ఈ బృందం “షేడీ గ్రోవ్” అనే అమెరికన్ పాట వరుసలో నడిపింది. కథ ముగిసిన పిమ్మట ఫిడేలు, గిటారు చాలాసేపు సంవాదం సాగిస్తాయి. ఇక రెండవ గేయంలో అప్సరసల రాణి చేతిలో చిక్కిన టామ్ లిన్‌ను జానెట్ అనే యువతి విడిపించుకుంటుంది. అతడు ఆమె చేతులలోనే పాముగా, సింహంగా మారుతున్నా ఆమె పట్టు విడువదు. చివరకు అతడు మానవుడుగా ఆమెకు దక్కుతాడు. రూపం మారుతున్నా పట్టు విడువకపోవడమే ఈ బృందం చరిత్రకు కూడా తాత్పర్యమని మా అభిప్రాయం.

వ్యక్తులు మారినా

ఆ ఆల్బమ్ వెలువడేనాటికే డెన్నీ, హచింగ్స్ నిష్క్రమించారు. 1971 ఆరంభంలో థాంప్సన్, ఆ ఏడాది చివర నికోల్ వైదొలిగారు. అప్పటి నుండి 1976లో నికోల్ తిరిగి వచ్చేవరకు బృందంలో స్థాపక సభ్యుడు ఒక్కడూ లేడు. అయినా పేరు, పాట నిలిచాయి. డెన్నీ 1974లో తిరిగి వచ్చి కొంతకాలం పాడింది. 1978లో పిన్నవయసులోనే కన్నుమూసింది. థాంప్సన్ 1970వ దశకం మధ్యలో సూఫీ మార్గం ద్వారా ఇస్లామును స్వీకరించాడు. కొంతకాలం సంగీతానికి దూరంగా ఉండి, మరల గీతకర్తగా, గిటారు విద్వాంసుడుగా ఖ్యాతి గడించాడు. ఒకరి నుండి మరొకరికి అందే పరంపరను సూఫీలు “సిల్సిలా” అంటారు. ఆ మాట మన ఉర్దూ చదువరులకు సుపరిచితమే. గేయ పరంపర కూడా ఒక విధమైన సిల్సిలాయే.

1979 ఆగస్టు 4న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని క్రోప్రెడీ గ్రామంలో ఈ బృందం వీడ్కోలు కచేరీ చేసింది. మరుసటి ఏడాదే పునస్సమాగమం జరిగింది. క్రమంగా అది వేలాదిమంది వచ్చే వార్షికోత్సవమైంది. 2020, 2021 సంవత్సరాలలో మహమ్మారి వలన ఆగి, 2022లో తిరిగి ప్రారంభమైంది. పాత సభ్యులు అనేక పర్యాయాలు అక్కడికి వచ్చి పాల్గొన్నారు. ఉత్సవాంతంలో థాంప్సన్ రచించిన “మీట్ ఆన్ ది లెడ్జ్”ను అందరూ కలిసి పాడటం సంప్రదాయం.

పర్యటనలు – ఫలశ్రుతి

శీతకాలంలో బ్రిటన్‌లోని చిన్న పట్టణాల సభామందిరాలలో పర్యటించడం అనేక సంవత్సరాలుగా ఈ బృందానికి ఆనవాయితీ. 2027 మే నాటికి తొలి కచేరీకి 60 సంవత్సరాలు నిండుతాయి. రానున్న పర్యటనలకు వెళ్లే శ్రోత పాత రికార్డును యథాతథంగా ఆశించరాదు. డెన్నీ పాడిన చరణం నేడు మరొకరి కంఠాన పలుకుతుంది. 2016లో మరణించిన స్వార్‌బ్రిక్ ఫిడేలు పలుకుబడులు మరొకరి కమానుపై వినిపిస్తాయి. దీనిని లోపంగా ఎంచేవారు ఉండవచ్చు. ఎలక్ట్రిక్ వాద్యాలతో సంప్రదాయం చెడిపోతుందన్నవారూ లేకపోలేదు. కాని గ్రంథంలో భద్రపరచిన గేయం క్షేమంగా ఉంటుందే గాని పెరగదు. కంఠం దొరికినప్పుడే పెరుగుతుంది. చైల్డ్ భద్రపరచాడు, వీరు కంఠమిచ్చారు. రెండూ అవసరమే.

మన ఇళ్లలో నానీల, అమ్మమ్మల నోట దక్కనీ చక్కీనామాలు, తెలుగు తిరగలి పాటలు కొన్నైనా మిగిలి ఉంటే విద్యార్థులు వాటిని వ్రాసికొనవలెనని కోరుతున్నాం. వ్రాసికొనుటతో ఆగక, పాడవలెనని కూడా కోరుతున్నాం. పాడునపుడు ఒక మాట మారితే భయపడనవసరం లేదు.